తలుపు చెక్క నుంచి సిమెంటు దాకా: మందమర్రిలో విరిగిన నడుముల కథ

మా అవ్వ నడుము 2009 ఎండాకాలంలో, బస్సులో కూచున్నచోటే విరిగింది. మా దిక్కు తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. మంచిర్యాలలో పెండ్లికి పోయి వస్తూ వెనక సీట్లో కూచుంది. చక్రం గుంతలో దిగి లేచింది. బస్సులో ఉన్నవాళ్ళంతా ఒకసారి ఎగిరి కూచున్నారు. అవ్వ మాత్రం ముందు సీటు కమ్మి పట్టుకుని వంగిపోయింది, మళ్ళీ వెనక్కి ఆనలేకపోయింది. కింద పడలేదు, ఒంటి మీద గీత కూడా లేదు. అప్పటికి ఆమెకు 72 ఏళ్ళు.

మర్నాడు తీసిన ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాను. నాకది కొత్త పని కాదు. 1979 నుంచి ఎముకల వార్డులో ప్లాస్టర్ కట్టే ఉద్యోగం నాది. ఛాతీ వెన్ను నడుములో కలిసేచోట ఒక పూస ముందువైపు నలిగి, తలుపు కొట్టుకోకుండా కింద పెట్టే చెక్క ముక్కలా అయింది. దాని పైన ఇంకో పూస ఎప్పుడో నలిగి, దానంతటదే మానిపోయి ఉంది. అది ఎప్పుడు విరిగిందని అడిగితే అవ్వ కొంచెంసేపు ఆలోచించింది. "మూడేండ్ల కింద బిందె ఎత్తుతుంటె పట్టేసింది గదా బిడ్డా, గప్పుడే గావచ్చు" అంది. అప్పుడు జండూబాం రాసి పడుకోబెట్టాం. నేను ఎముకల వార్డులో పనిచేస్తూ కూడా మా ఇంట్లో విరిగిన ఎముకను మూడేళ్ళు గుర్తుపట్టలేదు. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఎక్స్‌రే తీసుకుని పట్నంలో ఇద్దరు డాక్టర్లను కలిశాను. ఒకాయన "సూదితో సిమెంటు ఎక్కిద్దాం, రేపే నడుస్తుంది" అన్నాడు. ఇంకొకాయన "ఈ వయసులో ఎందుకు, మూడు నెలలు మంచం మీద ఉంచండి" అన్నాడు. ఇంటికొచ్చి అవ్వ మంచం పక్కన కూచున్నాను. కోత మంచిదా, మంచం మంచిదా? ఈ ప్రశ్న మా అవ్వతో మొదలైంది కాదు, చాలా పాతది. మా మందమర్రి దాన్ని ఎన్ని రూపాల్లో చూసిందో ఒక వరసలో చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

నాకు తెలిసిన మొదటి విరిగిన నడుము మా మేనమామది. లక్షెట్టిపేట దగ్గర పల్లెలో గీత పని చేసేవాడు. 1968లో, నాకు పన్నెండేళ్ళప్పుడు, మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డాడు. చెయ్యో కాలో విరిగితే మా పల్లెల్లో కట్టు కట్టేవాళ్ళకు కొదవ లేదు. పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, పాతగుడ్డ వాళ్ళ సరంజామా. నల్లేరు కాడ నూరి తాగించేవాళ్ళు కూడా. మామను చూడ్డానికి వచ్చిన పెద్దాయన వీపు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా కిందికి జరిపి, ఒకచోట ఆపాడు. "దీనికి కట్టు లేదు. కదలనియ్యద్దు" అని తలుపు రెక్క ఊడదీయించాడు. మామ ఆ చెక్క మీద రెండు నెలలు పడుకున్నాడు. కాళ్ళలో చురుకు పోలేదు కనుక బతికి బయటపడ్డాడు. మళ్ళీ తాటిచెట్టు ఎక్కలేదు గానీ, మేకలు కాసుకుంటూ ఇరవై ఏళ్ళు బతికాడు.

ఆ పెద్దాయన చదువుకున్నవాడు కాదు. కానీ ఆయన చేసినదానికి చాలా పెద్ద వంశవృక్షం ఉందని నాకు తర్వాత తెలిసింది. సుశ్రుత సంహితలో భగ్న చికిత్స చెప్పినచోట కపాటశయనం అనే మాట ఉంది. కపాటం అంటే తలుపు. తొడ, పిక్క విరిగినా, కటి, వెన్ను తప్పినా రోగిని చెక్క మీద పడుకోబెట్టి, కదలకుండా మేకులు పాతి కట్టాలని అందులో ఉంది. లక్షెట్టిపేట పల్లెలో ఊడదీసిన తలుపు రెక్క ఆ దారిలో వచ్చిందే.

బాపు 1950ల్లో బాయి పనికి మందమర్రి వచ్చాడు. బాయి అంటే బొగ్గుగని. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దిక్కు బొగ్గు కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ ఏర్పడింది. 1927లో బెల్లంపల్లి దిక్కుకు, స్వాతంత్య్రం వచ్చాక మందమర్రికి బొగ్గు పని వచ్చింది. కాజీపేట - బల్లార్షా రైలు మార్గం పక్కన అడవి కొట్టి కల్యాణి ఖని బాయిలు తెరిచారు. కరీంనగర్ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు తట్టా చెమ్మస్ (పార) పట్టుకుని బొగ్గు నింపారు. ఆడవాళ్ళను భూమి లోపలి పనికి పంపరాదని 1952 గనుల చట్టం చెప్పింది. కనుక మా అవ్వ బాయిలోకి దిగలేదు. పైన మన్ను తట్టలు మోసింది, కూలికి ఇటుకలు మోసింది, ఇంటికి నీళ్ళు మోసింది, పొయ్యికి బొగ్గు మోసింది. ఏడుగురిని కని, పాలిచ్చి పెంచింది.

నేను ఉద్యోగంలో చేరేనాటికి విరిగిన నడుముకు మందు ప్లాస్టర్ జాకెట్. పారిస్ ప్లాస్టర్ పట్టీని 1852లో మాథైసన్ అనే డచ్చి సైనిక వైద్యుడు తయారుచేశాడు. 1877లో అమెరికాలో లూయిస్ సేయర్ గూని రోగుల్ని తలకు తాడు కట్టి నిటారుగా వేలాడదీసి, ఒంటి చుట్టూ ప్లాస్టర్ చుట్టే పద్ధతిని పుస్తకంగా రాశాడు. 1929లో ఆర్థర్ డేవిస్ నలిగిన పూసను వెనక్కి వంచి తెరవవచ్చని చూపాడు. వియన్నాలో కార్మికుల ప్రమాదాల ఆసుపత్రి నడిపిన బోలర్ ఆ పద్ధతిని లోకమంతా పాకించాడు.

మేం కట్టిన తీరు ఇది. ఎత్తు తక్కువ బల్ల ఒకటి, ఎత్తు ఎక్కువ బల్ల ఒకటి ఎడంగా వేస్తాం. రోగి బోర్లా పడుకుంటాడు. చేతులు, గడ్డం ఎత్తు బల్ల మీద, తొడలు చిన్న బల్ల మీద. మధ్యలో పొట్ట గాలిలో వేలాడుతుంది. ఆ బరువుకే నడుము వెనక్కి వంగుతుంది. ముందే బనియను లాంటి గుడ్డ తొడిగి, ఎముక పొడుచుకొచ్చేచోట దూది మెత్తలు పెడతాం. ఆరంగుళాల పట్టీని గోరువెచ్చని నీళ్ళలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, రెండు చివరలా పట్టి పిండి చుట్టడం మొదలుపెడతాం. ఛాతీ ఎముక మీద, పొత్తికడుపు కింద, వీపు మీద మూడుచోట్ల బిగి తగలాలి. అరచేత్తో రుద్దుతూ పోవాలి, వేలి గుర్తు పడితే అక్కడ లోపల పుండు పడుతుంది. అయిదారు నిమిషాలకు ప్లాస్టర్ వేడెక్కుతుంది. "కాలుతాంది సారూ" అని అప్పుడు ప్రతి ఒక్కరూ అంటారు. చల్లబడ్డాక అన్నం తిననిచ్చేందుకు పొట్ట దగ్గర గుండ్రంగా కోస్తాం.

మందమర్రి మే నెలలో ఆ జాకెట్ వేసుకుని మూడు నెలలు బతకడం ఏమిటో ఊహించండి. లోపల చెమట, దురద. స్వెట్టర్ అల్లే సూది లోపలికి పోనిచ్చి గోక్కునేవాళ్ళు. వయసులో ఉన్నవాళ్ళు ఎలాగో ఓర్చుకున్నారు. ముసలివాళ్ళకు కడితే ఊపిరి ఆడేది కాదు, తిన్నది దిగేది కాదు. నేను రాత్రిపూట పోయి కత్తెరతో కోసి తీసేసిన జాకెట్లు ఉన్నాయి. వెనక్కి వంచి తెరిచిన పూస కూడా ప్లాస్టర్ తీశాక కొన్ని నెలలకు మళ్ళీ నలిగి మొదటికే వచ్చేది. లోపల గుల్లబారిన ఎముక తెరుచుకుని ఎట్లా నిలుస్తుంది?

ఈ సంగతి మాకన్నా ముందే కనిపెట్టినవాడు బొగ్గుబాయిల దగ్గరి డాక్టరే కావడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌షైర్ బొగ్గు ప్రాంతంలో మాన్స్‌ఫీల్డ్ అనే ఊరుంది. అక్కడ నికోల్ అనే సర్జన్ నడుము విరిగిన 150 మందికి పైగా గని కార్మికుల్ని వెంటాడి చూసి 1949లో ఒక వ్యాసం రాశాడు. ఆయన ఎక్స్‌రే ఎంత చక్కగా ఉందో చూసి ఊరుకోలేదు. మనిషి మళ్ళీ బొగ్గు ముఖం దగ్గరికి పనికి పోయాడా లేదా అని చూశాడు. పూస వంకరగా మానినవాళ్ళు చాలామంది పనికి పోయారు. విరిగినా స్థిరంగా ఉన్న పూసకు ప్లాస్టర్ అక్కర్లేదు, తొందరగా లేపి కండరాలకు వ్యాయామం చేయించాలి. విరిగి కదిలే పూసను మాత్రం కట్టిపడేయాలి. ఇదీ ఆయన తేల్చింది. నిలిచే ఎముకను, జారే ఎముకను వేరుచేసి చూడమన్న ఆ మాట మీదే ఇప్పటి వెన్ను వైద్యం నిలబడింది.

రెండో దారి, కోత దారి, 1960ల్లో తెరుచుకుంది. హ్యూస్టన్‌లో పాల్ హారింగ్టన్ పోలియోతో వెన్ను వంకరపోయిన పిల్లలకు స్టీలు కడ్డీలు వేశాడు. పారిస్‌లో రాయ్ కామిల్ పూస వెనక కాడల్లోంచి స్క్రూలు బిగించాడు. మన దగ్గర హైదరాబాద్ పంజాగుట్టలో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి అదే దశకంలో మొదలైంది. తర్వాత నిమ్స్ అయింది అదే. మా వార్డు నుంచి కాళ్ళు చచ్చుబడ్డవాళ్ళను కాజీపేట మీదుగా రైల్లో అక్కడికి పంపేవాళ్ళం. చెక్క స్ట్రెచర్ మీద పోయి, ఆరు నెలలకు కర్ర పట్టుకుని నడిచి వచ్చిన మనుషుల్ని నేను చూశాను. కాబట్టి కోత వద్దు అని ఎవరన్నా నేను ఒప్పుకోను. కానీ ఆ స్క్రూ గట్టి ఎముకలో నిలిచినట్టు గుల్ల ఎముకలో నిలవదు. పుచ్చిన దూలానికి మేకు కొట్టినట్టే.

ఇక్కడికి వచ్చేసరికి నా లెక్కలో ఒక తప్పు కనిపిస్తుంది. అవ్వను పక్కనపెడితే ఇంతదాకా చెప్పినవాళ్ళు దాదాపు అంతా మగవాళ్ళు. చెట్టు మీంచి పడ్డవాళ్ళు, బరువు కింద పడ్డవాళ్ళు. మా వాడకట్టులో నడుము వంగిన ఆడవాళ్ళు ఇంటికొకరు ఉండేవాళ్ళు. వాళ్ళు ఎముకల వార్డుకు వచ్చేవాళ్ళే కాదు. వస్తే మేం గూని అంటే టీబీ అనుకునేవాళ్ళం. 1779లో పెర్సివల్ పాట్ వర్ణించిన వెన్ను జబ్బు అది, మా దిక్కు నిజంగానే ఎక్కువ. టీబీ కాదని తేలితే "వయసు మీద పడ్డది" అని నొప్పి గోలీలిచ్చి పంపేవాళ్ళం. ముట్లుడిగిన ఆడవాళ్ళ ఎముక ఎందుకు గుల్లబారుతుందో బోస్టన్‌లో ఫుల్లర్ ఆల్‌బ్రైట్ 1941లోనే రాశాడు. ఎముక సాంద్రతను కొలిచి, ఇంతకు తగ్గితే ఆస్టియోపొరోసిస్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో గీత గీసింది. ఆ గీత మా మందమర్రి ఆడవాళ్ళ దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

మన సొంత పరిశోధకులు మాత్రం మౌనంగా లేరు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న బృందం పేద కుటుంబాల ఆడవాళ్ళ ఎముకలు కొలిచి 2005లో ప్రచురించింది. 30 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసులోనే వాళ్ళ ఎముకల సాంద్రత చాలా తక్కువగా ఉందని, వాళ్ళు తినే కాల్షియం ఎంతో తక్కువని అందులో తేలింది. తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ హరినారాయణ్ బృందం ఇంత ఎండ కాసే మన గడ్డ మీద జనానికి విటమిన్ డి కొరత ఉందని 2007లో చూపింది. రోజుకు కాల్షియం ఎంత కావాలన్న అంకె కూడా మన దేశంలో మారుతూ వచ్చింది: 2010లో పెద్దవాళ్ళకు 600 మిల్లీగ్రాములు, 2020లో 1000. ముట్లుడిగినవాళ్ళకు 1200. వంద గ్రాముల రాగుల్లో 350 దాకా ఉంటుంది. అవ్వ జీవితమంతా పిల్లలకు పెట్టి, మిగిలింది తిన్నది. మిగిలినదాంట్లో పాలు ఎప్పుడూ లేవు.

ఇక సిమెంటు సంగతి. ఇది ఇల్లు కట్టే సిమెంటు కాదు, ప్లాస్టిక్ జాతి పదార్థం. 1984లో ఫ్రాన్సులో అమియాఁ నగరంలో గాలిబర్, దెరామోన్ అనే వైద్యులు గడ్డ తొలిచేసిన మెడ పూసలోకి సూదితో దాన్ని ఎక్కించారు. 1987లో లోకానికి చెప్పారు. తర్వాత గుల్లబారి నలిగిన పూసలకూ వాడడం మొదలైంది. బెలూను ఊది పూసను లేపి నింపే పద్ధతి 1998లో వచ్చింది. బల్ల మీద నుంచి దిగగానే నొప్పి తగ్గిందన్నవాళ్ళు ఎందరో. డాక్టర్లు నమ్మారు, నేనూ నమ్మాను.

అవ్వ నడుము విరిగిన ఆ 2009లోనే, ఆగస్టులో, రెండు పరిశోధనలు ఒకేసారి అచ్చయ్యాయి. ఒకదానిలో 131 మంది, ఆస్ట్రేలియాలో జరిగిన రెండోదానిలో 78 మంది. సగం మందికి నిజంగా సిమెంటు ఎక్కించారు. మిగతా సగానికి వీపు మీద మత్తు సూది వేసి, అన్నీ చేస్తున్నట్టే చేసి, గదిలో సిమెంటు వాసన వచ్చేలా కలిపి, ఎక్కించకుండా పంపారు. ఎవరికి ఏం చేశారో రోగికి తెలియదు. నెల తర్వాత రెండు గుంపుల్లోనూ నొప్పి ఒకేలా తగ్గింది. ఎముకల వైద్య లోకం ఉలిక్కిపడింది. 2010లో నెదర్లాండ్స్, బెల్జియంలలో 202 మంది మీద జరిగిన పరిశోధన సిమెంటు మేలే అంది. అందులో ఉత్తుత్తి సూది గుంపు లేదు. 2016లో ఆస్ట్రేలియాలో, విరిగి ఆరు వారాలు దాటని 120 మందిలో మేలు కనిపించింది. 2018లో 180 మంది మీద నెదర్లాండ్స్‌లో మళ్ళీ తేడా కనిపించలేదు. అదే ఏడు కోక్రేన్ సంస్థ అన్నీ కలిపి చూసి, అందరికీ సిమెంటు అనే వాడుకకు ఆధారం లేదని తేల్చింది.

ఇవేవీ అప్పటికి నాకు తెలియవు. నాకు దారి చూపింది బాపు. 76 ఏళ్ళ ముసలాయన మంచం పట్టె మీద కూచుని ఎక్స్‌రే చూపించమన్నాడు. నేను వేలు పెట్టి చూపించాను. చాలాసేపు చూసి, "ఒక్క టింబరు ఇరిగితే బరువంత పక్క టింబరు మీద పడ్తది. ఇరిగినదాన్ని నువ్వెంత గట్టిగ జేసినా, పక్కది పుచ్చి ఉంటె అదీ పోతది. టింబరుకు పుచ్చెందుకు పట్టిందో అడుగు నీ డాక్టర్లను" అన్నాడు. టింబరు అంటే బాయి కప్పు కూలకుండా కింద నిలబెట్టే దుంగ. బాయిలో కప్పు కింద ముప్పై ఏళ్ళు నిలబడ్డ మనిషి మాట అది. 2001లో వచ్చిన ఒక పెద్ద లెక్క దీన్నే అంకెల్లో చెబుతుంది: ఒక పూస నలిగిన ఆడవాళ్ళలో అయిదుగురిలో ఒకరికి ఏడాదిలోగా ఇంకో పూస నలుగుతుంది.

మేం కోతకూ పోలేదు, మూడు నెలల మంచానికీ ఒప్పుకోలేదు. రక్త పరీక్షలు చేయించి టీబీ, క్యాన్సర్ కాదని తేల్చుకున్నాం. గట్టి పరుపు మీద ఆరు రోజులు ఉంచాం. రెండేసి గంటలకు మొద్దు దొర్లించినట్టు, నడుము మెలి పడకుండా, పక్కకు తిప్పాం. ఏడోరోజు బెల్టు కట్టి మంచం అంచున కూచోబెట్టాం. రెండోవారం గడప దాకా, మూడోవారం వాకిట్లో వేపచెట్టు దాకా నడిచింది. విటమిన్ డి పొడి, కాల్షియం, రాగి జావ. మూత్రపిండాలు చూసుకుని ఏడాదికొకసారి జోలెడ్రోనిక్ యాసిడ్ సెలైన్‌లో ఎక్కించారు. 2007లో అచ్చయిన పరిశోధనలో ఆ మందు మూడేళ్ళలో వెన్నుపూసలు విరగడాన్ని 70 శాతం తగ్గించింది. ఆషాఢంలో బొక్కలగుట్ట గాంధారి మైసమ్మ దగ్గరికి తీసుకుపోయాం. బోనం నెత్తిన పెట్టుకుంటానని పట్టుబట్టింది. నేను వద్దన్నాను, కోడలి నెత్తిన పెట్టించి తను పక్కన నడిచింది. 2019లో పోయేదాకా ఆమెకు మూడో పూస విరగలేదు.

మా వాడకట్టులోనే ఇంకో ఇద్దరు పెద్దమ్మల సంగతి కూడా చెప్పకపోతే నా మాట సగమే అవుతుంది. ఒకామెను ఇంట్లోవాళ్ళు భయపడి రెండున్నర నెలలు లేపలేదు. పిర్రల మీద పుండ్లు పడి, నిమ్ము చేసి చనిపోయింది. ఇంకొకామెకు నలిగిన పూస వెనక్కి జరిగి నరాన్ని నొక్కింది, నెలలోగా కాళ్ళు తేలిపోయాయి, మూత్రం తెలియకుండా పోయింది. ఆమెకు స్క్రూలు వేసి, అవి జారకుండా సిమెంటు కూడా పెట్టి ఆపరేషన్ చేశారు. ఇప్పుడు వాకర్ పట్టుకుని మార్కెట్‌కు పోతుంది. ఆపరేషన్ లేకపోతే ఆమె మంచం దిగేది కాదు.

ఉద్యోగంలో ఉన్న 37 ఏళ్ళలోనూ, 2016లో దిగిపోయాకా నాకు తేలింది ఇది. కాళ్ళలో బలం తగ్గినా, మలమూత్రాలు తెలియకపోయినా, పూస రోజురోజుకూ కుంగుతున్నా ఆలస్యం చేయకుండా సర్జన్ దగ్గరికి పోవాలి. అవేవీ లేకపోతే కొద్దిరోజుల విశ్రాంతి, నొప్పికి మందు, బెల్టు, తొందరగా నడక చాలామందికి సరిపోతాయి. వారాలు గడిచినా నొప్పి మనిషిని లేవనివ్వకపోతే సిమెంటు గురించి డాక్టరుతో కూచుని మాట్లాడాలి. ఏ దారి పట్టినా ఎముకకు మందు వేయకుండా ఇంటికి రావద్దు. తలుపు చెక్క, ప్లాస్టర్, స్టీలు కడ్డీ, సిమెంటు అన్నీ విరిగిన పూస చుట్టూ తిరిగాయి. విరగబోయే పూసను కాపాడేది మందు, తిండి, ఎండ, నడక.

మీ ఇంట్లో 60 దాటిన అవ్వ ఉంటే ఈ రోజే ఆమెను తలుపు చౌకట్టుకు ఆనించి నిలబెట్టి ఎత్తు కొలవండి. వయసులో ఉన్నప్పటి ఎత్తు కన్నా నాలుగు సెంటీమీటర్లు తగ్గితే, బిందె ఎత్తినప్పుడో దగ్గినప్పుడో నడుము పట్టేసిందని ఆమె అంటే, జండూబాం రాసి పడుకోబెట్టకండి. పక్క నుంచి వెన్ను ఎక్స్‌రే ఒకటి తీయించండి. నేను మూడేళ్ళు ఆలస్యంగా చేసిన పని అదే.